ఉత్త గుంత

చెప్పండి. ఏం చూశారు మీరు?

సినిమా చూశారు కదా. చివర్న మట్టిని చీల్చుకొని లేచి కూర్చుంటుందే ఒక ఆడమనిషి, ఆమె గడ్డం మీద తెల్లమచ్చ ఏ పక్కన ఉంది? కుడి పక్కనా, ఎడమ పక్కనా? చల్లటి హాల్లో కూర్చొని ఏడ్చి, ముక్కు చీదుకొని, బయటికొచ్చి బజ్జీలు తిన్నారు. ఆ మాత్రం గుర్తు లేదా?

కుడి పక్కన. గుర్తు లేనివాళ్ళకు నేనే చెబుతున్నాను. ఎందుకంటే ఆ మచ్చ నాది. నాకేమో అది ఎడమ పక్కన ఉంది.

నా పేరు మారెక్క. గోరంట్ల నుంచి కదిరికి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే మా ఊరు. కూలి చేసి బతికినదాన్ని. కూలి రేటు కోసం ఆడవాళ్ళను కూడగట్టి రోడ్డు మీద కూర్చున్నాను. లాఠీ దెబ్బలు తిన్నాను. జైలు కూడు తిన్నాను. దెయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు కూడా నేను దాన్ని దెయ్యం అనడం లేదు. జరిగింది చెబుతాను. పేరు మీరే పెట్టుకోండి.

మా వైపు ఒక పద్ధతి ఉండేది. బొల్లి ఉన్న మనిషి చచ్చిపోతే పూడ్చకూడదు, కాల్చాలి. పూడిస్తే ఆ ఒంటిని భూమి ఒప్పుకోదు, వాన రాదు. ఒకవేళ ఎవరైనా పూడ్చారనుకోండి, వాన ఎగ్గొట్టిన ఏడాది ఊరంతా కలిసి ఆ గుంత తవ్వి, శవాన్ని బయటికి తీసి కాలుస్తారు. మొహం మీద మట్టి మాత్రం తుడవరు. ఆ మొహం చూసినవాళ్ళ ఇంటికి అది వస్తుందట.

మా అమ్మ బయమ్మకు బొల్లి. కానుపులో చచ్చిపోయింది. మా నాయన పూడ్చాడు. ఊరు తవ్వింది. నాకప్పుడు ఇంకా పళ్ళు ఊడే వయసు. దూరం నుంచి పొగ చూశాను. అంతే. మా అమ్మకు మచ్చలు ఎక్కడెక్కడ ఉండేవో కూడా నాకు గుర్తు లేదు. ఫోటో లేదు.

తర్వాత చాలా ఏళ్ళకు ఎవరో పట్నం మనిషి ఈ కథ విని సినిమా తీశాడు. తెలుపు నలుపు సినిమా. పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు, బహుమతులు ఇచ్చారు. అందులో మా అమ్మ వేషం కట్టిన ఆమెకు ఇప్పటికీ పేరుంది. నాకు నలభై దాటాక నా గడ్డం మీద కూడా తెల్లమచ్చ తేలింది. చేతుల మీదికి, మెడ మీదికి పాకింది. అప్పటి నుంచి నాకు ఒకటే భయం. చావుకు కాదు. చచ్చినాక నన్ను తవ్వుతారని.

అదే సినిమాను మళ్ళీ తీస్తామని పోయినేడు కార్లు వచ్చాయి. కథ మా అమ్మది కాబట్టి డైరెక్టరు నా దగ్గరికే వచ్చాడు. ఊరికి షూటింగు కావాలి. రెండేళ్ళుగా చెనిక్కాయ పంట చేతికి రాలేదు, గుంపులో నిలబడితే కూలి ఇస్తారు. నేను రేషను అంగడి ముందర ఊరినంతా నిలబెట్టి అడిగాను.

"షూటింగుకు ఒప్పుకుంటా. వాళ్ళకు మన మాట, మన పని అన్నీ నేర్పిస్తా. బదులు నాకు ఒక మాట కావాల. నేను సస్తే పూడ్చాల. పూడ్చినాక ఎవురూ నన్ను తవ్వగూడదు."

లింగప్ప మా ఊరి పాత సర్పంచి. పొలం ఉన్నవాడు, మాట చెల్లేవాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఏమప్పా, ఈయమ్మ ఇప్పుడే సచ్చేటట్టు మాట్లాడుతాండాది. సరే మారెక్కా. మాట ఇస్తాండా. నిన్నెవురూ తవ్వరు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మా అమ్మ వేషం కట్టడానికి వచ్చిన అమ్మాయి హేమావతి. ముప్పై ఐదు ఉంటాయి. అప్పటిదాకా హీరోకు అక్కగా, వదినగా వేసేదట. ఈ ఒక్క వేషం నిలబడితే తన బతుకు మారుతుందని మొదటిరోజే నాతో చెప్పింది. పుట్టపర్తిలో బస. పొద్దున్నే కారులో వచ్చి, చెప్పులు కారులోనే వదిలేసి, నా వెంట పొలానికి నడిచేది. కాళ్ళు బొబ్బలెక్కినా అడ్డు చెప్పలేదు.

"ఎక్కడికి వెళ్తున్నావు అవ్వా?"

"యాడికి పోతాండావు అను."

"యాడికి... పోతున్నావు."

"పోతాండావు. నోట్లో దూది పెట్టుకున్నట్టు మాట్లాడద్దు."

కలుపు తీసే ఆడవాళ్ళు పడిపడి నవ్వేవాళ్ళు. "అక్కా, ఆయమ్మ కూచుంటే కుర్చీలో కూచున్నట్టే ఉండాది, గెనిమ గట్టు మింద కూచున్నట్టు లేదు" అని ఒకత్తె. "నడుము ఇరగనీలే, అదే వస్తాది" అని ఇంకొకత్తె. హేమావతి కూడా నవ్వేది. పది రోజులకు కూర్చోవడం వచ్చింది. నెలకు మాట వచ్చింది. తర్వాత నాకే అనుమానం వచ్చేది. పక్క సాలులో దగ్గినది నేనా, ఆమెనా అని.

మచ్చలు వేసేవాడు తిప్పేష్. బళ్ళారి వైపు పిల్లాడు, చెయ్యి తిరిగినవాడు. నా మచ్చలను చూసి అట్లే దించాలన్నాడు. హేమావతి నా చెంపకు చెంప ఆనించి, తన ఫోనులో మా ఇద్దరి ఫోటో తీసి అతనికి పంపింది. ఆ ఫోటో చూసే అతను రంగులు వేశాడు. మొదటి సీన్లు అయ్యాక ఆమె ఆ వేషంతోనే వచ్చి నా ముందర నిలబడితే నా చెయ్యి నా గడ్డం మీదికి పోయింది. అద్దం చూసినట్లుంది. అద్దమే. నాకు ఎడమ పక్కన ఉన్నది ఆమెకు కుడి పక్కన ఉంది.

"ఫోను తిరగేసి చూపించిందవ్వా" అని తిప్పేష్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే కొన్ని సీన్లు తీసేశారు. డైరెక్టరు అట్లే ఉండనీ అన్నాడు. నాకు మాత్రం లోపల నిమ్మళంగా ఉండింది. అది నేను కాదు. పక్క మారింది కాబట్టి, అది నేను కాదు.

ఒకరోజు ఆమె ఆ వేషంతోనే ఊర్లోకి పోయి నీళ్ళడిగింది. వచ్చి నా అరుగు మీద కూలబడింది.

"అవ్వా, చెంబు చేతికియ్యల్యా. పైనుంచి దోసిట్లోకి పోసిరి. ఇది రంగని వాళ్ళకు తెలుసు గదా?"

"తెలుసు."

"మరి?"

"కండ్లకు తెలుసు పాపా. కడుపుకు తెల్దు."

 ఆమె చేతి మీది రంగును గోటితో గీరుతూ కూర్చుంది.

చివరి సీను ఎండిపోయిన వంక ఒడ్డున పెట్టారు. పాత సినిమాలో తవ్వడం చూపించలేదు, పారలు భుజాన వేసుకొని మొగవాళ్ళు నడిచిపోవడం ఒక్కటే చూపించారు. ఈ డైరెక్టరు గుంతనే చూపిస్తానన్నాడు. పూడ్చిన మనిషి, తవ్వేవాళ్ళు రాకముందే తనకు తానే లేచి కూర్చుంటుంది. గుంత తవ్వింది మా ఎర్రన్న. ఊర్లో ఎవరు పోయినా గుంత తవ్వేది అతనే. అక్కడ ఒకప్పుడు నీళ్ళు పారిన ఇసుక ఎండిపోయి గాజుపొడిలా మెరుస్తుంది. కింద ఎర్రమట్టి. గడ్డపార దిగితే రాయి మీద దిగినట్లు మోగింది.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి పడమట మబ్బు కట్టింది. రెండేళ్ళ తర్వాత మబ్బు. నల్లగా, కడుపుతో ఉన్న బర్రెలాగా మెల్లగా వచ్చింది. గాలి ఆగిపోయింది. ఎక్కడో పడిన చినుకు వాసన. గుంపులో నిలబడటానికి వచ్చిన మొగవాళ్ళు షూటింగు మర్చిపోయి ఆకాశం చూస్తున్నారు. లింగప్ప నోరు తెరుచుకొని చూస్తున్నాడు. ఎండుమట్టిలోనే విత్తనం వేసి ఉన్నాడు అతను. ఊరంతా వేసింది. వారంలో వాన పడకపోతే అది చీమల పాలు.

హేమావతి గుంతలో పడుకుంది. మొహం మీద పలచటి గుడ్డ, దాని మీద జల్లించిన మట్టి. ఊపిరి ఆడేటట్లే చేశారు. నేను ఒడ్డునే కూర్చున్నాను. డైరెక్టరు కేక వేస్తే ఆమె లేవాలి.

కేక వేశాడు.

లేవలేదు.

మళ్ళీ కేక.

మట్టి కదల్లేదు... గుంత పైన ఒక్క ఈగ కూడా లేదు.  నేను చెయ్యి దింపబోయేసరికి మట్టి పగిలింది. ఆమె లేచి కూర్చుంది. కళ్ళు తెరిచింది. మీరు చూసి ఏడ్చింది దాన్నే.

చప్పట్లు కొట్టారు. నేను చెయ్యందించాను. ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉంది. ఆ నేలలో తడి ఎక్కడిది? ఆమె నా చెవి దగ్గరికి వంగింది.

"అవ్వా... కింద ఎవురో ఉండారు."

"ఏమంటాండావు?"

"నా ఈపు కింద... ఊపిరి తీస్తాండారు. నేను ఆపితే ఆపుతాండారు. దానికే లేసేకి కాల్యా."

నేను గుంతలోకి చూశాను. మట్టి. ఆమె పడుకున్న పల్లం. అంతే.

అప్పుడే గాలి లేచింది. ఎర్రదుమ్ము కళ్ళలో కొట్టింది. కళ్ళు నలుపుకొని చూస్తే పడమట మబ్బు రెండుగా చీలిపోయి, ఒకటి అటు, ఒకటి ఇటు, మా ఊరిని తప్పించుకొని పోతోంది. మొగవాళ్ళు ఆకాశం నుంచి కళ్ళు దించారు. దించి ఆ అమ్మాయిని చూశారు. మొహం నిండా తెల్లమచ్చలు, ఒంటి నిండా గుంతలోని మట్టి. 

గుంత పూడ్చేసి సినిమావాళ్ళు వెళ్ళిపోయారు. హేమావతి కారెక్కేముందు నన్ను పట్టుకొని చాలాసేపు వదల్లేదు. నేను ఆమెను కారు దాకా సాగనంపి, దుమ్ము అణిగేదాకా నిలబడ్డాను.

వాన రాలేదు. గాలి ఒక్కటే. వారం తిరక్కముందే ఒక సాయంత్రం లింగప్ప, ఎర్రన్న నా అరుగు ముందర నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మారెక్కా, ఆ గుంత తవ్వుతాం."

నా ఒళ్ళు మండింది. "ఏమి తవ్వుతావు? దాంట్లో ఏముండాది? రంగు పూసుకున్న బిడ్డకు బొల్లి యాడిదిరా? ఆయమ్మ హైదరాబాదులో బిర్యానీ తింటాండాది!"

"మాకు తెలుసు. సినిమా అని మాకు తెలుసు. వానదేవునికి తెలుసునా? ఆయప్ప చూసింది ఏమి? బొల్లి మనిషిని పూడ్చినారు. మబ్బు తిరుక్కొని పాయ."

"లింగప్పా, నాకు మాట ఇచ్చినావు."

"నిన్ను తవ్వుతామన్యానా? ఉత్త గుంత. ఇంత మట్టి తీసి, రెండు కంపలు కాలుస్తాం. నీకు అడ్డమేముండాది?"

నా దగ్గర జవాబు ఉండింది. ఒకసారి తవ్వడం మొదలుపెడితే చెయ్యి ఆగదు. ఈరోజు ఉత్త గుంత, రేపు నాది. కానీ ఇంకో ఆలోచన వచ్చింది. తవ్వనీ. మొత్తం ఊరి కళ్ళ ముందర తవ్వనీ. ఏమీ ఉండదు. వాన కూడా రాదు. అప్పుడు ఆ గుంత ఒడ్డునే నిలబెట్టి ఒక్కొక్కరిని కడిగేస్తాను. మా అమ్మ నుంచి మొదలుపెట్టి అడుగుతాను. ఈ పద్ధతి అక్కడే చస్తుంది.

"తవ్వు. నేనూ వస్తా" అన్నాను.

మిట్టమధ్యాహ్నం తవ్వారు. పోయేసరికే దుమ్ముగాలి. సూర్యుడు పాత రాగి బిళ్ళలాగా అయిపోయి, పగలే మసక కమ్మింది. పది అడుగుల అవతల మనిషి నీడలాగా ఉన్నాడు. మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు, ఎవరెవరో తెలియడం లేదు. చుట్టూ పార చప్పుడు, గాలి చప్పుడు. నేను ఒడ్డునే నిలబడి, ఏం మాట్లాడాలో మనసులో పేర్చుకుంటున్నాను.

వాసన ముందర వచ్చింది.

తడి మట్టి వాసన. వాన పడ్డాక వచ్చేది కాదు. బావి పూడిక తీసేటప్పుడు అడుగు నుంచి వచ్చేది.

ఎర్రన్న పార ఆగింది. చప్పుడు రాలేదు. మెత్తగా దిగింది.

"అన్నా..." అన్నాడు లింగప్పను చూసి. "సినిమావాళ్ళు బొమ్మ గిన ఇడిసిపెట్టి పోయినారా?"

 ఎర్రన్న చేత్తో మట్టి తీశాడు. ముందర కొంగు. మట్టి రంగుకు తిరిగిపోయింది, ఏ చీరో తెలియలేదు. తర్వాత చెయ్యి. ముసలి చెయ్యి. వేళ్ళ కణుపుల దాకా తెల్లగా... గోళ్ళలో మట్టి. కలుపు తీసే చేతికి బొటనవేలి పక్కన కాయ కాస్తుంది. అది ఉంది.

నేను నా చేతులు కొంగు కింద దాచుకున్నాను. ఎందుకో తెలియదు.

ఎర్రన్న ఇంకా పైకి తీశాడు. మెడ. గడ్డం.

మచ్చ ఎడమ పక్కన ఉంది.

అరవాలనుకున్నాను. పేర్చుకున్న మాటలన్నీ ఉన్నాయి. నోరు తెరిచాను, దుమ్ము పోయింది. ఎర్రన్న మొహం మీద మట్టి తుడవబోయాడు. లింగప్ప అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు."

అంతే. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. నా కంటే చిన్నవాళ్ళు, ఆ పద్ధతి ఎన్నడూ కళ్ళతో చూడనివాళ్ళు. ఏ కాళ్ళు ఎవరు పట్టుకోవాలో వాళ్ళ చేతులకు తెలుసు. కంపలు పేర్చారు. కందికట్టె వేశారు. కిరసనాయిలు పోశారు. నేను చూస్తూ నిలబడ్డాను. మొహం మీద మట్టి అట్లే ఉంది. కొంచెం వంగితే చెయ్యి అందేది. తుడిచి ఉంటే తెలిసిపోయేది, అది నేనా, ఇంకెవరా అని. నేను వంగలేదు.

బొమ్మ అయితే ప్లాస్టిక్ వాసన రావాలి. వెంట్రుకల వాసన వచ్చింది.

నేను మంటకు అందరికంటే దగ్గరగా ఉన్నాను. పక్కవాళ్ళు వేడికి ఓర్వలేక వెనక్కి జరిగారు. నా చీర అంచు నల్లబడటం నాకు కనిపించింది. వేడి మాత్రం తగల్లేదు. ఎవరో నన్ను వెనక్కి లాగారు. లాగిన చెయ్యి కూడా తెలియలేదు.

మంట తగ్గకముందే చినుకు పడింది. తర్వాత వాన. గాలి లేదు, ఉరుము లేదు, నిలువుగా పడింది. మొగవాళ్ళు తలలెత్తి నోళ్ళు తెరుచుకొని నిలబడ్డారు. ఎర్రన్న ఒక్కడే కింద కూర్చొని చేతులు మట్టికి రుద్దుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చి హేమావతికి ఫోను చేశాను. రెండుసార్లు మోగగానే ఎత్తింది. బాగుంది. డబ్బింగులో ఉందట. నేను ఏమీ చెప్పలేదు. వాన పడుతోందని మాత్రం చెప్పాను.

"తెలుసవ్వా" అంది.

"ఎట్ల తెలుసు?"

"ఒళ్ళు సల్లగుండాది." కొంచెంసేపు ఆగింది. "మద్యాన్నం నుంచి మంటలు. ఇప్పుడే తగ్గినాయి."

అది నా గొంతు. యాస కాదు, గొంతే. నేను ఫోను పెట్టేశాను.

వాన బాగా పడింది. విత్తనం మొలిచింది. ఊరు ఊరంతా నాతో మెత్తగా ఉంటోంది. దారిలో ఎదురైతే పక్కకు జరిగి నిలబడుతున్నారు. మొన్న నీళ్ళడిగితే ఒకామె చెంబు తెచ్చి చేతికే ఇచ్చింది. నా చేతికి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేదు. ఆ నీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయో, వేడిగా ఉన్నాయో తెలియలేదు. అన్నం కూడా అంతే. ఏడుపు రాదు, కోపం రాదు. ఈ మాటలు ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, కోపం ఎట్లుండేదో గుర్తుంది కాబట్టి.

లింగప్పను అడిగాను, ఆ రోజు మనం చూసింది ఏమని. అతను కళ్ళు తిప్పుకోలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్లు, చాలా ప్రేమగా చెప్పాడు.

"ఇంక నీకు బయం లేదులే మారెక్కా. నిన్నెవురూ తవ్వరు. నిన్ను తవ్వేది అయిపోయిండాది గదా."

అంటే మాట నిలబెట్టుకున్నాడు. రేపో ఎల్లుండో నేను పోతాను. ఎర్రన్న పార తెస్తాడు. మా ఊరు నన్ను మర్యాదగా మోసుకొస్తుంది, పూడుస్తుంది, మళ్ళీ ఆ చోటు ముట్టుకోదు.

ఇంత చదివారు కదా, మీరే చెప్పండి. ఆ రోజు గుంతలోకి వీళ్ళు దించేది దేన్ని?